మాట పూర్తికాకముందే లేచిన చెయ్యి

క్రేను కింద నిలబడి, చేతి సైగలతో బరువులు ఎత్తించడం, దింపించడం ఆయన పని. ఆ పనిలో ఇరవై రెండేళ్లు గడిచాయి. హాజరు పట్టీలో ఆయనకో పేరు ఉంది గాని, అందరూ పిలిచేది 'ఆగు మేస్త్రి' అనే. ఎవరేం చెప్పబోయినా "ఆగు, అయిపోనీ" అంటాడు. చెప్పేవాడి మాట పూర్తయితే తప్ప చెయ్యి ఎత్తడు. చెప్పేది కాంట్రాక్టరైనా అంతే, కట్టుకున్న భార్య అయినా అంతే. ఆవిడ "పొయ్యి మీద పాలు..." అని మొదలుపెట్టి, ఆ వాక్యం ముగించేలోపు పాలు పొంగిపోయిన సందర్భాలు రెండున్నాయి. రెండుసార్లూ ఆయన పొయ్యి పక్కనే నిలబడి, శ్రద్ధగా వింటున్నాడు.

ఈ అలవాటు ఊరికే రాలేదు. పనిలో చేరిన కొత్తల్లో ఒక ఇంటి యజమాని వీధిలో నిలబడి, "ఆ నీళ్ల ట్యాంకుని పైకెత్తి, తూర్పు గోడ మీదుగా తీసుకెళ్లి, వంటగది కప్పు మీద..." అంటున్నాడు. ఆయన మాటతోపాటే ట్యాంకు లేచింది, తూర్పు గోడ దాటింది, వంటగది కప్పు మీద కూర్చుంది. యజమాని నిదానంగా మాట్లాడే మనిషి. "...పెడతారేమో, పెట్టొద్దు, కప్పు ఆగదు" అని ఆయన ముగించేసరికి కప్పు నిజంగానే ఆగలేదు.

ఆ రోజు మేస్త్రికి ఒక సంగతి బోధపడింది. మన మాటలో సామానంతా ముందు దిగుతుంది. ఆ సామానుతో ఏం చెయ్యాలో, అసలు చెయ్యాలో వద్దో, అది అన్నిటికన్నా చివర దిగుతుంది. క్రేనుకు రాకముందు ఆయన లారీలకు సరుకెక్కించేవాడు. ముందు దింపాల్సింది చివర ఎక్కించాలి, చివర దింపాల్సింది ముందెక్కించాలి అన్నది ఆ పనిలో మొదటి పాఠం. వాక్యం కూడా లారీ లాంటిదే అని ఆయనకు అనిపించింది. ఎక్కించినవాడికి వరుస తెలుసు. దింపుకునేవాడు తలుపు తీసి చూసుకోవాలి.

అప్పట్నుంచి ఆయనకు భాషల పిచ్చి పట్టుకుంది. చదివింది నాలుగో తరగతి. పుస్తకాల జోలికి పోలేదు. సరుకు యార్డుకు రకరకాల చోట్ల నుంచి డ్రైవర్లు వచ్చేవాళ్లు. ఎవరొచ్చినా ఒక్కటే అడిగేవాడు: "నేను పెట్టెను లారీలో పెట్టాను. ఈ మాట మీ భాషలో చెప్పు." వాళ్లు చెబుతుంటే వేళ్ల మీద పట్టుకునేవాడు. బొటనవేలు చేసినవాడు, చూపుడువేలు పెట్టె, నడిమివేలు లారీ, చిటికెనవేలు చేసిన పని. మన భాషలో చిటికెనవేలు చివర. ఈశాన్యపు కొండల నుంచి వచ్చిన ఒక డ్రైవరు భాషలో బొటనవేలు తర్వాత వెంటనే చిటికెనవేలే, పెట్టె, లారీ ఆ వెనక. ఓడ దిగి వచ్చిన ఒక వంటవాడి భాషలో చిటికెనవేలు అన్నిటికన్నా ముందు. పని అయిపోయాక గాని ఎవరు చేశారో చెప్పరన్నమాట. "దొంగలకు బాగుంటుంది" అన్నాడు మేస్త్రి. వంటవాడికి అది అర్థం కాలేదు.

ఇంకో సంగతీ కనిపెట్టాడు. మన భాషలో పెట్టెకు 'ను' అని ఒక తోక ఉంది, లారీకి 'లో' అని ఒక తోక ఉంది. మాటలు అటూ ఇటూ జరిగినా తోకను బట్టి ఎవరిది ఏ పనో తెలిసిపోతుంది. కొన్ని భాషల్లో తోకల్లేవు. అక్కడ నిలబడిన చోటే హోదా. చోటు మారితే పెట్టె మనిషిని లారీలో పెట్టేస్తుంది.

అలా పదమూడు భాషల్లో ఆయన ఆ ఒక్క వాక్యం నేర్చుకున్నాడు. వేరే వాక్యం అవసరం పడలేదు. ఒకసారి పరాయి ఊళ్లో రైలు తప్పిపోతే, స్టేషన్ మాస్టరు దగ్గరికెళ్లి, ఆ ఊరి భాషలో తనకొచ్చింది తప్పు లేకుండా చెప్పాడు. స్టేషన్ మాస్టరు ఆయన్ని పార్సిల్ ఆఫీసుకు పంపాడు.

క్రేను నడిపేది ఆయన అక్క మొగుడు. వయసు యాభై ఎనిమిది. ఒక చెవి సరిగ్గా వినబడదు, రెండో చెవితో వినడానికి ఇష్టపడడు. అరవై అడుగుల ఎత్తున క్యాబిన్లో కూర్చుని బామ్మర్ది చేతిని మాత్రం చూస్తాడు. పిడికిలి అంటే ఆపు. అరచెయ్యి కిందికి ఊపితే దించు. బొటనవేలు ఎటుంటే అటు జరుపు. ఆ చెయ్యి తప్ప ఆయనకు లోకంలో ఇంకే భాషా అక్కర్లేదు.

"పాతికేళ్ల కాపురంలో నా మాటకు ఒక్కసారి ఇటు తిరగలేదు. నువ్వు వేలు చూపిస్తే చాలు, ఊరంతా తిరుగుతాడు" అనేది అక్క.

"నేను మధ్యలో మాట మార్చనే అక్కా!"

"నేను మారుస్తానా?"

"ఆగు, అయిపోనీ..." అనేవాడు మేస్త్రి. అక్క అది అవనిచ్చేది కాదు.

ఊళ్లో కొత్తగా కడుతున్న గ్రంథాలయానికి ముందువైపు గోడ ఉండదన్నారు. గోడ బదులు ఒకే అద్దం. పదహారడుగుల ఎత్తు, తొమ్మిదడుగుల వెడల్పు, ఎనిమిది వందల కిలోల బరువు. దాంతోపాటు సముద్రం దాటి ఒక మనిషి కూడా వచ్చాడు, దగ్గరుండి దాన్ని బిగించడానికి. ఆయన్ని అందరూ అద్దాలాయన అన్నారు. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోడు. ఎర్రగా, పొడుగ్గా ఉంటాడు. పనిముట్లను గుడ్డతో తుడిచి, పెట్టెలో వాటి చోట్లలో వాటిని పెట్టి గాని సాయంత్రం కదలడు. మేస్త్రికి ఆ ఒక్క కారణంతో ఆయన నచ్చాడు.

కాంట్రాక్టరు మేస్త్రిని పక్కకు పిలిచి విషయం తేల్చేశాడు.

"అద్దం ఒకటే ఉంది. పగిలితే ఇంకోటి రావడానికి ఎనిమిది నెలలు. పగిలిందా, నువ్వూ, మీ బావా కలిపి మీ ఆరుగురూ రేపట్నుంచి గేటు దాటి లోపలికి రానక్కర్లేదు. సరిగ్గా కూర్చుందా, పక్క గోడలవి చిన్న అద్దాలు నలభై ఉన్నాయి, అవీ మీవే."

మిగతా ఐదుగురూ ఎక్కడికెళ్లినా బతుకుతారు. బావకు మాత్రం ఈ వయసులో, ఆ చెవితో, ఇంకెవరూ క్యాబిన్ ఎక్కనివ్వరు. అది మేస్త్రికి తెలుసు, అక్కకీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎప్పుడూ అనుకోలేదు.

మొదట అద్దాలాయన మాటను అందించే పని మేస్త్రికి ఇవ్వలేదు. కాంట్రాక్టరు దగ్గర ఒక చదువుకున్న ఇంజనీరు ఉన్నాడు. ఎండలో కూడా టై కట్టుకుంటాడు. అద్దాలాయన భాష ధారాళంగా వచ్చు. అద్దమంత కొలతతో ఒక చెక్క చట్రం చేయించి, ముందుగా దాన్ని ఎత్తి చూద్దామన్నారు. బావకు ఒక వాకీటాకీ ఇచ్చారు. బావ దాన్ని వినబడే చెవి దగ్గర పెట్టుకున్నాడు.

అద్దాలాయన భాషలో హుకుం ఏదైనా పనితోనే మొదలవుతుంది. షరతులన్నీ వెనక నడుస్తాయి. చట్రం గాల్లో ఉండగా ఆయన చెప్పిన మాట వరుస తప్పకుండా చెప్పాలంటే ఇదీ: "దించండి చట్రాన్ని, మెల్లగా, మీ వాళ్లు కిందనుంచి తప్పుకున్నాక."

ఇంజనీరు మాట పడ్డది పడ్డట్టు అందించే మనిషి. "దించండి" అన్నాడు వాకీటాకీలో. బావ దించాడు. కిందనున్న ఐదుగురూ ఐదు దిక్కులకు దూకారు. ఒకడి క్యారేజీ డబ్బా దూకలేకపోయింది. చట్రం మూడు ముక్కలైంది.

"...చట్రాన్ని, మెల్లగా, మీ వాళ్లు కిందనుంచి తప్పుకున్నాక" అని ముగించాడు ఇంజనీరు.

"తప్పుకున్నారండీ" అన్నాడు బావ.

అనువాదంలో ఒక్క మాట తప్పు లేదు. ఇంజనీరు ఆ సంగతి కాయితం మీద రాసి, సంతకం పెట్టి కాంట్రాక్టరుకిచ్చాడు. కాంట్రాక్టరు అది చదివి, ముక్కలైన చట్రం వంక చూసి, "ఆగు మేస్త్రిని పిలవండి" అన్నాడు.

నాలుగు రోజులు గడువిచ్చారు. సిమెంటు గదిలో ఒక చెక్క పెట్టెకు అటొకరు ఇటొకరు కూర్చుని, మేస్త్రీ అద్దాలాయనా కసరత్తు మొదలుపెట్టారు. అగ్గిపెట్టె అద్దం, రెండు ఇటుకలు గోడలు. మేస్త్రి నూరు మాటలు నేర్చుకున్నాడు: ఎత్తు, దించు, కుడి, ఎడమ, మెల్లగా, తర్వాత, అయ్యేదాకా. అద్దాలాయనకూ మన మాటలు ఒక ముప్పై పట్టుబడ్డాయి. మిగిలింది వేళ్లతో నడిచింది. అద్దాలాయన ఏదైనా చెబుతాడు. మేస్త్రి చివరిదాకా వింటాడు. లోపల లారీ తలుపు తీసి, వెనకది ముందుకూ ముందుది వెనక్కూ సర్దుకుంటాడు. అప్పుడు చెయ్యి ఎత్తుతాడు. ఒక్కోదానికి మూడు ఊపిర్లంత సేపు పట్టేది.

మూడో రోజు అద్దాలాయనకు ఆ మూడు ఊపిర్లు ఎక్కువనిపించాయి. పైనుంచి దారంతో ఒక కాయితం వేలాడదీసి, నోటితో ఉఫ్ మని ఊదాడు. కాయితం ఎగిరి ఇటుకకు కొట్టుకుంది. తర్వాత మేస్త్రిని చూపించి, చేతులు కట్టుకుని వింటున్నట్టు నటించాడు. మళ్లీ కాయితాన్ని చూపించాడు. నువ్వు మాట చివరికోసం ఆగుతావు, గాలి ఆగదు అని.

మేస్త్రికి ఆ మాట గుచ్చుకుంది. సాయంత్రం ఇంటికి వెళ్తూ అక్క గుమ్మంలో ఆగి సంగతి చెప్పాడు. అక్క బట్టలు మడత పెడుతోంది.

"అంత దూరం నుంచి వచ్చినాయన. ఆయన పద్ధతిలో ఆయన్ను పోనిస్తే నీ సొమ్మేం పోయింది? ఎప్పుడూ అవతలివాడే నీకోసం ఆగాలా?" అంది.

ఆ పూట ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. ఇరవై రెండేళ్ల అలవాటు ఒక్క రోజుకు పక్కన పెడదాం. అద్దాలాయన భాషలో ముందు పడేది పనే కాబట్టి, మొదటి మాట వినగానే చెయ్యి ఎత్తేద్దాం. వెనకొచ్చే షరతులు చెయ్యి నడుస్తుండగా వినొచ్చు. ఇంట్లో భార్యను కూర్చోబెట్టి సాధన చేశాడు.

"తీసుకురా చెంబు, వంటింట్లోంచి" అందామె, నేర్పినట్టే.

'తీసుకురా' అనగానే ఆయన లేచాడు. 'చెంబు' దగ్గరికొచ్చేసరికి గడప దాటాడు.

"పెళ్లైన ఇన్నేళ్లకు చెప్పగానే లేచారు. ఈ భాషేదో బాగుంది. తుడువు గచ్చు, తడిగుడ్డతో" అందామె.

అది అయ్యాక సాధన ఆపేశాడు. బావకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. బావ చూసేది చేతిని. చెయ్యి ఎప్పుడు లేస్తే ఆయనకేం అనుకున్నాడు. చెబితే ఇరవై ప్రశ్నలు వేస్తాడు, జవాబులు వినడు. అందుకని ఊరుకున్నాడు.

అద్దం ఎత్తే రోజు కాంట్రాక్టరు తెల్లచొక్కా వేసుకొచ్చాడు. గాలి లాగేసి పట్టుకునే రబ్బరు కప్పులు అద్దానికి అతికించారు, బెల్టులు బిగించారు. ఎత్తి, అది కూర్చోవాల్సిన గాడి దగ్గరికి తెచ్చేదాకా మాటలతో పని లేదు. ముందే గీసుకున్న దారే అది, మేస్త్రి చెయ్యి ఒక్కటే చాలింది. అద్దం లేచింది. అందులోంచి అవతలి వీధి, కరెంటు స్తంభాలు, ఒక సైకిలు కనబడుతూ మెల్లగా దాని అంచు కిందికి జారిపోయాయి. గాడికి ఆరడుగుల దూరంలో అద్దం ఆగింది. ఇక్కణ్ణించి అద్దాలాయన చెప్పాలి.

ఆయన గొంతు సవరించుకుని తన భాషలో మొదటి మాట అన్నాడు.

"ఎడమ..."

మేస్త్రి బొటనవేలు ఎడమకు లేచింది. ఎడమ అన్నది పని కాదు కదా అని ఒక చిన్న అనుమానం లేచే ఉంది గాని, వేలు దానికన్నా ముందు లేచింది. అద్దాలాయన తన ధోరణిలో ఒక్కో మాటా జాగ్రత్తగా పేర్చుకుంటూ పోతున్నాడు. "...పక్కన, పరంజా గొట్టం ఒకటి, రెండంగుళాలు బయటికి ఉంది, దాన్ని కోసేదాకా, అద్దాన్ని, కదపొద్దు."

మేస్త్రి చూశాడు. ఎడమవైపు పరంజా గొట్టం, అద్దం అంచుకు బెత్తెడు దూరంలో. ఆయన బొటనవేలు ఇంకా దానివైపే ఉంది.

అద్దం మాత్రం కదల్లేదు.

చెయ్యి పిడికిలి చేసి ఆయన పైకి చూశాడు. క్యాబిన్లో బావ రెండు చేతులూ లివర్ల మీంచి తీసేసి, నీళ్ల సీసా ఎత్తి తాగుతున్నాడు.

అది కాంట్రాక్టరూ చూశాడు.

"ఏయ్! ఎనిమిది వందల కిలోల అద్దం గాల్లో పెట్టి నీళ్లు తాగుతావా? చెయ్యి చూపిస్తుంటే కనబడట్లేదా నీకు? చెవులు పోయాయనుకున్నాను, కళ్లూ పోయాయా? దిగు! కిందికి దిగు! ఇంజనీరుగారూ, ఇంకో ఆపరేటరుని పిలవండి!"

బావ సీసా మూత బిగించి, మెట్ల వైపు తిరిగాడు. తన తప్పేమిటో ఆయనకు తెలియలేదు. అయినా ఎదురు చెప్పలేదు, ఎందుకంటే ఆయనకు వినబడింది 'దిగు' ఒక్కటే.

మేస్త్రి పిడికిలి దించకుండానే పైకి అరిచాడు. "దిగొద్దు బావా. కూర్చో."

తర్వాత కాంట్రాక్టరుతో: "తప్పు ఆయనది కాదండి. నాది. మాట పూర్తవకముందే చెయ్యెత్తాను. ఆయన నా చెయ్యి నమ్మి జరిపి ఉంటే, ఈపాటికి అద్దం ఆ గొట్టానికి తగిలి మీ కాళ్ల దగ్గర ఉండేది."

కాంట్రాక్టరు గొట్టాన్ని చూశాడు. తెల్లచొక్కా మీద చెయ్యి వేసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నువ్వా? నువ్వు ముందే చెయ్యెత్తావా?"

"ఎత్తానండి."

"మరి ఆయనెందుకు జరపలేదు?"

మేస్త్రి పైకి అరిచి అడిగాడు. బావ క్యాబిన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఆయన నోరింకా ఆడుతోంది. నీ చెయ్యేమో లేచింది. ఇన్నేళ్లలో ఎప్పుడన్నా అట్లా లేచిందా? ఈగను తోలుకుంటున్నావనుకున్నా. అదయ్యేదాకా ఊరికే కూర్చోవడమెందుకని గొంతు తడుపుకున్నా."

అద్దాలాయనకు ఈ గొడవంతా అర్థం కాలేదు గాని, ఎవరినో తీసేస్తున్నారని తెలిసింది. మేస్త్రి బొటనవేలు లేచిన క్షణం ఆయనా చూశాడు. ముందుకొచ్చి, తన భాషలో, మేస్త్రికి తెలిసిన మాటలకు వేళ్ల సైగలు కలిపి గబగబా చెప్పాడు. ఈసారి పాత వరుసలోనే, పని ముందు పెట్టి. మేస్త్రి చివరిదాకా విన్నాడు. వింటుండగా ఆయన మొహం రంగు మారింది.

"ఏమంటాడు?" అన్నాడు కాంట్రాక్టరు.

"తప్పు తనదంటున్నాడండి. నాకు సుళువుగా ఉంటుందని మూడు రాత్రుళ్లు గదిలో కూర్చుని మన వరుస నేర్చుకున్నాట్ట. పని చివర పెట్టి చెప్పాట్ట. ముందుగా నాకు చెప్పకపోవడం తన బుద్ధితక్కువంటున్నాడు." మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "కాని తప్పు ఆయనది కాదండి. నేనూ ఆయనకు చెప్పకుండా ఆయన వరుసలోకి మారాను. ఇద్దరం ఒకేరోజు మర్యాదకు పోయాం."

"ఇంకేమన్నాడు? చాలాసేపు చెప్పాడే."

చెప్పక తప్పలేదు. "పైనున్నాయన్ను దింపితే తాను అద్దాన్ని వెనక్కి పెట్టెలో పెట్టించి, రేపటి ఓడకు వెళ్లిపోతాట్టండి. మాట వచ్చినవాళ్లు చాలామంది దొరుకుతారుట. మనిషిని ఎరిగినవాడు పైనొక్కడే ఉన్నాట్ట."

కాంట్రాక్టరు గాల్లో వేలాడుతున్న అద్దాన్ని చూశాడు, గొట్టాన్ని చూశాడు, అరవై అడుగుల ఎత్తున తల బయటపెట్టి చూస్తున్న బావను చూశాడు.

"తప్పు నాదంటే నాదని మీరిద్దరూ కొట్టుకుంటుంటే, నేనెవర్ని తిట్టాలయ్యా? ఆ గొట్టం కోయించండి ముందు" అన్నాడు.

గొట్టం కోస్తున్నంతసేపూ అద్దానికి పక్కగా మేస్త్రీ అద్దాలాయనా నిలబడి ఒప్పందం చేసుకున్నారు. ఎవరి వరుసలో వాళ్లే మాట్లాడాలి. విన్నవాడు తనకు కావలసినట్టు సర్దుకోవాలి. అవతలివాడి కోసం ఎవరూ చెప్పకుండా ఏదీ మార్చకూడదు. ఒక్క 'ఆపు'కు మాత్రం ముందూ వెనకా లేదు. ఎవరికి అపాయం కనబడినా, ఏ మాట మధ్యనైనా, పిడికిలి ఎత్తేయొచ్చు. గాలి సంగతి దాంతో తేలింది. చేతులు కలుపుకున్నారు.

తర్వాత పని గంటన్నర పట్టింది. అద్దాలాయన చెప్పాడు, మేస్త్రి మూడు ఊపిర్లు ఆగాడు, చెయ్యి లేచింది, పైన లివరు తిరిగింది. మధ్యలో రెండుసార్లు గాలి లేచింది. రెండుసార్లూ పిడికిళ్లు లేచాయి, ఒకసారి అద్దాలాయనది, ఒకసారి కింద తాడు పట్టుకున్నవాడిది. అద్దం గాడిలో కూర్చున్నప్పుడు చప్పుడు కూడా కాలేదు. అద్దాలాయన నాలుగు మూలలూ వేలితో తట్టి, గుడ్డ తీసి, తన వేలిముద్రలు తానే తుడిచాడు.

కాంట్రాక్టరు అందులో చూసుకుని కాలరు సర్దుకున్నాడు. వెళ్లబోతూ, "రేపు ఏడింటికల్లా చిన్న అద్దాల పెట్టెలు విప్పండి. ఆరుగురూ రావాలి" అన్నాడు. పైకి చూడకుండానే, "పైనాయన కూడా" అన్నాడు.

బావ మెట్లు దిగి వచ్చేసరికి అందరూ చేతులు కడుక్కుంటున్నారు. తానూ కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ మేస్త్రి పక్కకు వచ్చాడు.

"ఒరే బామ్మర్దీ, అద్దాలాయన భాషలో 'కిందికి దిగు' అని ఎట్లా అంటారు?"

మేస్త్రి చెప్పాడు. బావ వినబడే చెవి పెట్టి విన్నాడు. నోట్లోనే రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు.

"అది నీకెందుకు బావా?"

"ఆ భాషలో ఎవరన్నా అంటే దిగుతాను. మన భాషలో అంటే మాత్రం ఇక దిగను."